సెంటర్ హాఫ్: ఆదెయ్య ఇచ్చిన మాట

కిందటి వారం మనం కొండలయ్యను పెద్దింటి గేటు దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. లేసులు ముడేసిన బూట్ల జత మెడలో వేలాడుతోంది. కాళ్ళు మాత్రం వట్టివే. ఎదురుగా గుమాస్తా వెంగయ్య, "అయ్య లోపలికి రమ్మన్నాడు" అని చెప్పి, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ నవ్వుతున్నాడు.

ఈ వారమే మొదలుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు మాటలు. ఆత్మకూరు చెరువు కింది పల్లెలో పుట్టి, ఉదయగిరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు సిద్ధయ్య చేతుల్లో ఆట నేర్చి, మద్రాసులో ఒక నూలు మిల్లు జట్టుకు సెంటర్ హాఫ్ అయిన కుర్రాడు మన కొండలయ్య. మిల్లులో ఉద్యోగమని పేరే గానీ వాడు నూలు పోగు ముట్టిన పాపాన పోలేదు. జీతమంతా ఆటకే. సెంటర్ హాఫ్ అంటే మైదానం నడుమ నిలబడి, వచ్చే వాళ్ళను ఆపాలి, పోయే వాళ్ళకు బంతి అందించాలి. గోలు కొట్టిన వాడికి దండలు పడతాయి, సెంటర్ హాఫ్‌కు చెమట మిగులుతుంది. ఆ పనిని కొండలయ్య వట్టి కాళ్ళతో, మడమలకు గుడ్డపట్టీ చుట్టుకుని, మద్రాసు వాళ్ళు లేచి నిలబడి చూసేలా చేశాడు.

ఈ ఏడు రూలు మారింది. బూట్లు లేనివాడికి లీగులో చోటు లేదన్నారు. బూట్లు తొడిగిన కొండలయ్య, మెడలో గుదికొయ్య వేసిన దూడలాగా నడిచాడు. కొన్నాళ్ళు చూసి పక్కన కూర్చోబెట్టారు. జట్టు మంచిచెడ్డలు చూసుకునే గురుసామి దయగలవాడు కాబట్టి, "ఊరికి పో. బూట్లతో ఆట నేర్చుకో. నేనే వచ్చి చూస్తాను. బాగుంటే నా వెంట వస్తావు, లేకుంటే అక్కడే ఉండిపోతావు" అన్నాడు. ఆ చూడటం ఇవాళే. ఉదయగిరి జట్టుకూ ఆత్మకూరు జట్టుకూ ఆట. మనవాడు ఆడేది ఉదయగిరి తరఫున. కప్పు ఇచ్చేది పెద్దింటి రాజమోహన్. ఆట జరిగేది పెద్దింటి ఎదుట ఉన్న బయల్లో.

చిక్కంతా ఆ బయలుతోనే వచ్చింది. చెరువు కింది పల్లె వాళ్ళు పెద్దింటి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకుంటారు. అట్లా చేయాలని ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు. తాత చేశాడు, తండ్రి చేశాడు, మనవడూ చేస్తున్నాడు. దేశానికి స్వతంత్రం వచ్చింది, మనకు ఆంధ్ర రాష్ట్రం కూడా వచ్చింది. ఆ బయలు మీదికి మాత్రం ఇంకా ఏదీ వచ్చినట్టు లేదు.

సరే, కొండలయ్య లోపలికి వెళ్ళాడు.

వరండాలో రాజమోహన్ ఒక్కడే ఉన్నాడు. వచ్చే నెల ఎలక్షన్లు. పోటీలో ఉన్న మనిషి కాబట్టి కొత్త ఖద్దరు, కొత్త నవ్వు.

"రా రా కొండలూ. మన ఊరి పేరు మద్రాసులో మోగించినోడివి, గేటు కాడ నిలబడతావా? కూర్చో," అని పేము కుర్చీ చూపించాడు.

ఆ కుర్చీలో చెరువు కింది పల్లె వాళ్ళు ఎవరూ ఎన్నడూ కూర్చోలేదు. కూర్చోమన్న వాళ్ళూ లేరు. కొండలయ్యకు ఆ మాట వినగానే సంతోషం కలగలేదు. భయం వేసింది. తిట్టినా బాగుండేదనిపించింది. తిడితే తల వంచుకుని నిలబడాలని వాడికి తెలుసు. కుర్చీ వేస్తే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

"పర్లేదయ్యా, నిలబడతా."

"కూర్చో అంటా ఉండా గదా."

కూర్చున్నాడు, అంచు మీద. వెంగయ్య కాఫీ తెచ్చాడు. ఆ ఇంట్లో అందరూ వెండి గ్లాసుల్లో తాగే కాఫీ, వాడికి గాజు గ్లాసులో వచ్చింది. కొత్త నవ్వు ఇంకా వంటింటి దాకా పోలేదన్నమాట.

"ఏదీ, ఆ బూట్లు ఇటియ్యి."

కొండలయ్య మెడలోంచి తీసి ఇచ్చాడు. రాజమోహన్ ఒక బూటు అందుకుని, తిరగేసి, అడుగున కొట్టిన తోలు బిళ్ళలను వేలితో తడిమి చూశాడు. సంతలో ఎద్దును బేరం చేసేవాడు పళ్ళు చూసినంత నెమ్మదిగా చూశాడు. తర్వాత రెండింటినీ తన కుర్చీ కింద పెట్టుకున్నాడు.

"ఇవాళ ఇవి వద్దులే కొండలూ."

"అయ్యా?"

"అనంతసాగరం నుంచి, మర్రిపాడు నుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చినారు. దేనికి? వట్టి కాళ్ళ కొండలయ్యను చూసేదానికి. బూట్లేసుకొని ఆడేవోళ్ళు నెల్లూరులో లేరా?"

"మద్రాసాయన వచ్చేది బూట్లతో ఎట్టా ఆడతానో చూసేదానికే అయ్యా. బూట్లు లేకుంటే నాకు కొలువు లేదు. రూలు వచ్చుండాది."

"రూలు మద్రాసుది. మద్రాసోళ్ళతో మనం తెగదెంపులు చేసుకొని ఏడాది దాటె గదా," అని రాజమోహన్ తన మాటకు తనే నవ్వుకున్నాడు. "ఆంధ్ర రాష్ట్రంలో నీ కాళ్ళు నీ ఇష్టం."

నా ఇష్టమే అయితే నా బూట్లు నాకియ్యండి అనే మాట కొండలయ్య నాలుక చివరి దాకా వచ్చింది. అనలేకపోయాడు. ఆ వరండాలో వాడి నాయన గొంతు పెగలలేదు, తాత గొంతూ పెగలలేదు. మద్రాసులో మిలిటరీ జట్టు మీద కాలు దువ్విన కుర్రాడు, పేము కుర్చీ అంచున కూర్చుని బతిమాలడం మొదలుపెట్టాడు. రాస్తున్న నాకే సిగ్గుగా ఉంది.

"ఆట సేపే అయ్యా. ఆట కాంగానే విప్పి చేత పట్టుకొని పోతా. బయలు మీద ఒక్క అడుగు ఎక్కువ వెయ్యను. ఆట సేపు మాత్తరం ఒప్పుకోండయ్యా."

రాజమోహన్ కండువా సర్దుకుంటూ బయటికి చూశాడు. బయల్లో సున్నంతో గీతలు గీస్తున్నారు, షామియానా లేపుతున్నారు. ఇంకోవైపు చెరువు కట్ట, దాని మీద ఎండబెట్టిన వలలు కనిపిస్తున్నాయి.

"నేను వద్దంటా ఉండానని గదా నువ్వు అనుకుంటా ఉండేది?" అన్నాడు చివరికి, మెత్తగా. "నేనెందుకంటా రా? రేపు మీ పల్లెకొచ్చి ఓట్లు అడగాల్సినోణ్ణి. చట్టాలు నాకు తెల్దా? నువ్వు బూట్లు తొడుక్కుంటే నాకేంది, టోపీ పెట్టుకుంటే నాకేంది? ఇది నన్ను అడిగింది మీ నాయన."

కొండలయ్యకు అర్థం కాలేదు.

"వెంగయ్యా, ఆదెయ్యను పిలువు."

గొడ్ల కొట్టం వైపు నుంచి ఆదెయ్య వచ్చాడు. చెరువు కింది పల్లెకు ఆయనే పెద్ద. పొడుగాటి ఎండిన మనిషి, నడుముకు తువ్వాలు. కొడుకు పెద్దింటి కుర్చీలో కూర్చుని, చేతిలో కాఫీ గ్లాసుతో కనబడేసరికి ముసలాయన ముఖం వెలిగిపోయింది. కొండలయ్య గబుక్కున లేచాడు.

"కూర్చోరా, కూర్చో," అన్నాడు ఆదెయ్య, ఆ కుర్చీ తను కొనిచ్చినట్టు.

"నాయనా, బూట్లు వద్దని నువ్వు అడిగినావా?"

"అడిగినా. నీ కాళ్ళు చూడలేకపోయినా రా. మొన్న ఉదయగిరి నుంచి వచ్చినప్పుడు మడమలు పుండ్లు పడి ఉండె. మీయమ్మ ఆముదం పూస్తా ఉంటే ఏమన్నావు? ఈ బూట్లు నా ప్రాణం తీస్తా ఉండాయి నాయనా, అన్నావా లేదా?"

"అన్నా. నొప్పికి అన్నా."

"నొప్పికే గదరా ఎవురైనా అనేది. అందుకే అయ్య కాళ్ళు పట్టుకొని అడిగినా. నా కొడుకును బూట్లు లేకుండా ఆడనియ్యండి సామీ, మద్రాసోళ్ళకు మీరు ఒక్క మాట చెప్పండి అని. అయ్య చెప్తే కాదనేవోడు ఎవుడు? మారు మాట లేకుండా సరేనన్నాడు."

ఆదెయ్యను తప్పు పట్టడానికి నాకు మనసు రావడం లేదు. చెరువు తూము ఎత్తించాలన్నా, స్టేషన్లో కూర్చోబెట్టిన మనిషిని విడిపించుకోవాలన్నా, ఆస్పత్రిలో మందు ఇప్పించాలన్నా ఆయన ఎరిగిన గడప అదొక్కటే. మద్రాసులో ఫుట్‌బాల్ లీగు ఒకటుందనీ, దాని రూలు ఆత్మకూరు పెద్దింటి మాటకు కదలదనీ ఆయనకు ఎవరు చెప్పారు? కొడుకు కాలిలో ముల్లు దిగింది, తీయించడానికి తనకు తెలిసిన చోటికి పోయాడు. అంత ప్రేమతో, అంత అమాయకంగా కొడుకు గొంతు మీద కాలు పెట్టిన తండ్రిని నేను ఇంకెక్కడా చూడలేదు.

"నేను మాత్తరం ఊరికే సరేనంటానా?" అన్నాడు రాజమోహన్. "నేను మద్రాసాయనకు నోరు విడిచి చెప్పినాక నీ కొడుకు బూట్లేసుకొని దిగితే నా ముఖం యాడ పెట్టుకోవాల అన్నా. మాటిస్తా అయ్యా అన్నాడు మీ నాయన. ఇచ్చినాడు. అంతేనా ఆదెయ్యా?"

"అంతే అయ్యా," అన్నాడు ఆదెయ్య, నేల చూస్తూ. వెలిగిన ముఖం అక్కడ కాస్త మసకబారింది. కొండలయ్య అది చూశాడు గానీ ఎందుకని ఆలోచించే స్థితిలో లేడు.

"మద్రాసాయనకు చెప్పేసినారా అయ్యా?"

"పొద్దునే బస్సు దిగినాడు. లోపల భోంచేస్తా ఉండాడు. మావాడికి బూట్లు తొడగని నేమం ఉండాదని చెప్పినా. అట్లయితే నేను చూసేది ఏమీ లేదు, సాయంత్రం బస్సుకు పోతానన్నాడు. ఆట దాకా ఉండమన్నా. మర్యాద గదా."

ఇంతే. ఒక మనిషి జీవితాన్ని ఇంకో మనిషి అన్నం తింటూ ముగించేశాడు. కొండలయ్య గ్లాసు కింద పెట్టబోయి కాఫీ తెల్లటి నేల మీద ఒలకబోశాడు. వెంగయ్య నాలుక చప్పరించాడు.

"మద్రాసు పోతే పోయిందిలేరా," అన్నాడు రాజమోహన్. "నేను లేనా నీకు? రేపటి నుంచి నా జీపులో ఉండు. చేజర్ల, మర్రిపాడు, అనంతసాగరం, ఊరూరా తిరుగుదాం. జనం నిన్ను చూస్తారు, మీవోళ్ళు మరీ చూస్తారు. ఎలక్షన్లు కానీ, ఏదో ఒకటి చూద్దాం."

ఏదో ఒకటి. సెంటర్ హాఫ్ ఆడే కాళ్ళు ఇంక జీపు ముందు సీట్లో వేలాడాలి. బొమ్మల కొలువులో బొమ్మకైనా పండగయ్యాక పెట్టెలో చోటుంటుంది, వీడికి అదీ ఉండదు.

ఆదెయ్యకు ఆ మాట ఎంతో నచ్చింది. "దండం పెట్టరా," అన్నాడు.

కొండలయ్య దండం పెట్టాడు. అప్పుడు రాజమోహన్ వంగి, కుర్చీ కింది నుంచి బూట్లు తీసి, తనే వాడి మెడలో వేశాడు. "నీ వస్తువు నా కాడెందుకు? తీసుకుపో."

వద్దన్న వస్తువును ఎందుకు తిరిగి ఇస్తున్నాడని కొండలయ్య ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. బయటపడితే చాలనుకున్నాడు.

డ్రిల్లు మాస్టారు సిద్ధయ్య సంగతంతా విని అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఉదయగిరి కొండ కింద, రాళ్ళు ఏరిన నేల మీద ఈ కుర్రాడికి ఆట నేర్పిన మనిషి ఆయన. నెల నుంచీ బూట్లను నీళ్ళలో నానబెట్టి, తడిగా ఉండగానే తొడిగించి, కాలికి పట్టేదాకా పరిగెత్తించింది కూడా ఆయనే.

"మీ నాయన మాటిస్తే ఆడేది ఆయన కాళ్ళారా? నీ కాళ్ళు గదా!"

"మా నాయన పరువు మాస్టారూ. నేను వట్టి కాళ్ళతోనే ఆడతా."

బూట్లు గీత పక్కన పెట్టి, అట్లాగే ఆడాడు. ఎట్లా ఆడాడని అడగండి. మొదటి సగంలో ఆత్మకూరు వాళ్ళకు బంతి దొరికిందంటే అది కొండలయ్య దయ. ఎదుటివాడు బంతితో వస్తుంటే వీడు పరిగెత్తేవాడు కాదు, వాడు ఎటు తిరగబోతాడో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. బొటనవేలితో బంతిని అట్లా లాగి, పక్కవాడి కాలికి చూడకుండానే అందించేవాడు. జనం ఈలలు వేశారు, తలపాగాలు ఎగరేశారు. ఆటలో పడ్డాక వాడు కుర్చీని మరిచాడు, జీపును మరిచాడు. చిన్నప్పటి సంతోషం వాడి ఒంట్లోకి తిరిగి వచ్చింది. ఆ సంతోషం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే షామియానా కింద గురుసామి వాడి వైపు చూడటం లేదు. తనది కాని వంట వాసన తగలకుండా తల తిప్పుకున్న ఆకలి మనిషిలాగా, చెరువు కేసి చూస్తూ కూర్చున్నాడు.

హాఫ్ టైం విజిల్ పడగానే ఆయనే లేచి వచ్చాడు. మద్రాసు తెలుగులో, తగ్గు గొంతుతో అన్నాడు.

"కొండలయ్యా, ఇంత బాగా ఎందుకు ఆడుతావు? ఈ ఆటను నేను తీసుకుపోలేను. నీకు ఏదో నేమం అన్నారే, నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నేమం కాదు సార్."

"మరి ఏమి?"

కొండలయ్య గీత పక్కన ఉన్న బూట్లు తీసి మెడలో వేసుకున్నాడు. గురుసామి వాడి మెడలోని బూట్ల కేసి చూశాడు. "సగం ఆట ఉంది. కొంచెం సేపు చూస్తే నాకు చాలు. ఆ తర్వాత బస్సు," అని వెళ్ళి కూర్చున్నాడు.

ఆదెయ్య సున్నపు గీత అవతల గొంతుక్కూర్చుని ఉన్నాడు. కొడుకు ఆటకు ఒళ్ళంతా పొంగిపోయి ఉన్నాడు. కొండలయ్య వెళ్ళి ఎదురుగా కూలబడ్డాడు.

"నాయనా, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు. పెద్దింటాయన చెప్పినా మద్రాసోళ్ళు వినరు."

"వినకపోయేదేంది? అయ్య చెప్తే?"

"ఎవురు చెప్పినా వినరు. ఆ రూలు అట్టాంటిది. బూట్లు లేకుంటే నాకు ఇంక ఆట లేదు. అవి ప్రాణం తీస్తా ఉండాయన్నా గదా, నిజమే. అవి లేకుంటే అసలుకే పోతాది నాయనా."

ఆదెయ్య నోరు తెరుచుకుని విన్నాడు. పెద్దింటి మాట చెల్లని చోటు ఒకటి ఈ లోకంలో ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. అంతకంటే ఘోరం, తను చేసిందేమిటో కూడా అప్పుడే తెలిసింది.

"మాట ఇచ్చింది నువ్వు," అన్నాడు కొండలయ్య. "నువ్వు తొడుక్కోమంటే తొడుక్కుంటా. వద్దంటే ఈ జన్మలో ఇంక అడగను. మాట తప్పితే నిన్నేమన్నా చేస్తారా?"

ముసలాయన పెద్దింటి వైపు చూశాడు. చెరువు కట్ట వైపు ఇంకా ఎక్కువ సేపు చూశాడు.

"నన్నేం చేస్తారు, ముసిలోణ్ణి," అన్నాడు. "తొడుక్కో."

కొడుకు మెడలోంచి బూట్లు తీసి, తువ్వాలుతో దుమ్ము దులిపి, వాడి కాళ్ళ ముందు పెట్టాడు.

కొండలయ్య లేసులు బిగించి లేచేసరికి బయలు బయలంతా నిశ్శబ్దమైంది. ఈలలు ఆగాయి. ఊళ్ళోని పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దూరంగా కూర్చున్న చెరువు కింది పల్లె ఆడవాళ్ళు నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళ పిల్లవాడు తోలు తొడిగిన కాళ్ళతో పెద్దింటి ముందు నడుస్తున్నాడు. భూమి బద్దలు కాలేదు. అందరూ బద్దలవుతుందనే ఎదురు చూశారు.

మొదట వచ్చిన బంతి బూటు అంచుకు తగిలి అడ్డం పోయింది. ఎవడో నవ్వాడు. రెండోసారీ అంతే. తర్వాత ఆత్మకూరు ఫార్వర్డ్ ఒకడు బంతితో దూసుకొచ్చాడు. కొండలయ్య ఎదురు వెళ్ళి, బూటు అడుగుతో బంతిని నేలకు తొక్కి పట్టి, మలుపు తిరిగి, ఎడమ కొసన పరిగెత్తుతున్న వాడికి ఒక్క దెబ్బలో అందించాడు. వట్టి కాలితో ఎన్నడూ అంత దూరం కొట్టలేదు. ఆ కుర్రాడు దాన్ని గోల్లో వేశాడు. సిద్ధయ్య గంతులేశాడు. షామియానా కింద గురుసామి లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. మద్రాసు తిరిగి వచ్చేసింది! కొండలయ్యకు గట్టిగా అరవాలనిపించింది, అరిచాడు కూడా.

అప్పుడు వాడి చూపు రాజమోహన్ మీద పడింది. కోపంతో మండిపోతూ ఉంటాడనుకున్నాడు. రాజమోహన్ చప్పట్లు కొడుతున్నాడు.

మెల్లగా, తీరిగ్గా, నవ్వుతూ కొడుతున్నాడు. కొట్టడం అయ్యాక పక్కకు వంగి వెంగయ్యతో ఏదో అన్నాడు. వెంగయ్య లేచి, జీతగాళ్ళను వెంట పెట్టుకుని చెరువు కట్ట వైపు నడిచాడు. పల్లె మొత్తం ఆట చూడటానికి వచ్చింది. గుడిసెల దగ్గర ఉన్నది కొండలయ్య తల్లి ఓబులమ్మ ఒక్కతే.

కొండలయ్య గీత దగ్గరికి పరిగెత్తాడు. "నాయనా, వెంగయ్య యాడికి పోతా ఉండాడు?"

"నువ్వు పోయి ఆడు."

"మాట ఎట్టా ఇచ్చినావు? ఉత్త మాటేనా?"

ఆదెయ్య తల ఎత్తలేదు. "వల కింద," అన్నాడు.

చెరువు కింది పల్లెలో మాటలు రెండు రకాలు. నోటితో ఇచ్చే మాట మనిషిది. తప్పితే ఆ మనిషికే మచ్చ. పల్లె పెద్ద చెరువులోకి మోకాలి లోతు దిగి, తడి వల తల మీద కప్పుకుని చెప్పే మాట పల్లె అందరిదీ. అది తప్పితే పల్లెలో ఏ ఇంటి వలా ఆ చెరువులో మళ్ళీ పడకూడదు. గట్ల తగాదాలకూ, చావు బతుకులకూ తప్ప ఆ మాట ఎవరూ ఇవ్వరు.

"నా కొడుకు పెద్దింటి ముందర తోలు తొడిగితే ఈ చెరువు మాది కాదని చెప్పినా," అన్నాడు ఆదెయ్య. "అట్టా చెప్పమన్నాడు. నీకు బూట్లంటే నొప్పి గదా, తొడగవు గదా, చెప్తే ఏమిలే అనుకున్నా."

చెరువులో చేపలకు వేలంపాట పెట్టి నెల్లూరు కంట్రాక్టరుకు ఇవ్వాలని రాజమోహన్ ఎన్నాళ్ళుగానో చూస్తున్నాడు. తరతరాలుగా వలలు వేస్తున్న పల్లెను, ఓట్ల ముందు, వెళ్ళగొట్టడం ఎట్లాగో తెలియక ఊరుకున్నాడు. ఇప్పుడు ఆయన వెళ్ళగొట్టనక్కర లేదు. కొండలయ్య బూట్లు తొడగకుండా ఉంటే జీపులోకి మనిషి దొరికేవాడు. తొడిగాడు కాబట్టి చెరువు దొరికింది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు నాయనా?"

"చెప్తే తొడుక్కునేవోడివా?"

కొండలయ్య కింద కూర్చుని లేసులు పీకడం మొదలుపెట్టాడు. తొందరలో ముడి ఇంకా బిగుసుకుంది. ఆదెయ్య వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ ముసలి చేతుల్లో అంత బలం ఉందని వాడికి తెలియదు.

"విప్పొద్దు. ఇప్పుడు విప్పితే చెరువూ రాదు, మద్రాసూ రాదు. పల్లెకు నేను జవాబు చెప్పుకుంటా. నువ్వు ఆడు."

రిఫరీ విజిల్ ఊదాడు. పల్లె జనంలో ఎవరో లేచి నిలబడి కట్ట వైపు చేయి చాపారు. ఒక్కొక్కరే లేస్తున్నారు, ఆదెయ్య వైపు తిరుగుతున్నారు. ఆ వెంటనే కట్ట మీది నుంచి ఓబులమ్మ కేక వినపడింది. వలలకు అడ్డం పడిందో, ఆమెనే ఎవరైనా నెట్టారో ఇక్కడి నుంచి కనపడదు. "కొండలూ!" అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది.

షామియానా కింద గురుసామి ముందుకు వంగి చూస్తున్నాడు. సిద్ధయ్య గొంతు చించుకుని, "కొండలయ్యా, బాలు!" అని అరుస్తున్నాడు.

బంతి నేరుగా వాడి వైపే వస్తోంది.